బండి ఎత్తు మంచె

“...గదే చెప్తున్న! బండలు ఏస్తె నీ చక్రాల పలక నీళ్ల మీద పడవ లెక్క పోతది. రెక్కకు జర ఆరాం దొరుకుతది. నువ్వేమో చెక్క, చెక్క అనుకుంట కూసుంటివి.”

“బండ మీద సుత్తె జారి వడితే పలుగుతది.”

“ఇరువై ఆరేండ్లల్ల ఎన్నిసార్లు జారింది నీ సుత్తె? నాకు చెప్పకు గివన్ని.”

“చెక్క నాకు అలవాటు.”

“చెదలకు గూడ అలవాటే.”

జఫర్‌గఢ్ నుంచి వచ్చిన వడ్రంగి యోహాను బైకుకు స్టాండు వేసి, సామాను సంచి భుజాన తగిలించుకుని, ఆలుమగల మాటలు ఆగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. చిల్పూర్ అవతల ఉన్న ఈ ఊరికి రావడం అతనికిదే మొదటిసారి. ఫోన్లో మోటార్ల మెకానిక్ రాములు చెప్పింది తక్కువే. ఇంటి ముందున్న చెక్క మంచె పాడైంది, కొత్తది వెయ్యాలి, ఏ సరుకుతో వేస్తే ఎంతవుతుందో చూసి చెప్పాలి.

ఇల్లు మిట్ట మీద ఉంది, రోడ్డు పల్లంలో ఉంది. గడప నుంచి రోడ్డు అంచు దాకా, గడపకు సమంగా, పది ఫీట్ల పొడవు ఎనిమిది ఫీట్ల వెడల్పున మంచె పరిచి ఉంది. పైన రేకుల నీడ. మంచె నిండా రాగి తీగ చుట్టలు, విప్పిన బోరు మోటార్లు, వార్నిష్ డబ్బాలు. వాటి మధ్య నలభై అయిదేళ్ల రాములు కూర్చుని ఉన్నాడు. రెండో ఏట పోలియో వచ్చి సన్నబడిన కాళ్లు కింద మడతపడి ఉన్నాయి. భుజాలు మాత్రం పహిల్వాన్ భుజాల్లా ఉన్నాయి.

“రా యోహానన్నా. కొట్లాట ఇన్నవా?”

“నేను ఇప్పుడే వస్తి తమ్మీ.”

“అబద్ధం. బైకు బందు వెట్టి శాన సేపైంది. నాకు ఇనవడ్డది,” అంది లోపలి నుంచి రాములు భార్య జమున. “రా అన్నా, చాయ్ వెడుతున్న. న్యాయం నువ్వే చెప్పు.”

యోహాను కింద కూర్చుని మంచె అడుగు చూశాడు. పక్కన ఉన్న మద్ది చెక్కలను చెదలు తినేశాయి. వేలితో గుచ్చితే పొడి రాలింది. నడుమ ఉన్న చెక్కలు మాత్రం వేరు. పాతవి, నల్లబడ్డవి, దట్టమైన తుమ్మ చెక్కలు, ఇనుప పట్టీలతో బిగించి ఉన్నాయి. వాటి కింద పొడుగాటి నొగలు రెండు. అతని చెయ్యి అక్కడే ఆగింది.

“తమ్మీ, గిది ఎడ్లబండి గదా?”

“మా బాపుది.”

మూడేళ్లు వరసగా కరువొచ్చినప్పుడు రాములు తండ్రి ముత్తయ్య ఎడ్లను అమ్మేశాడు. బండి మిగిలింది. కొడుకును రోజూ బడికి తీసుకుపోయిన బండి అది. ఎవరో కొనడానికి వస్తే ముత్తయ్య బేరం ఆడలేదు, ఇవ్వలేదు. చక్రాలు మాత్రం ఊడదీసి అమ్మాడు. పొలం గట్టున పాతే రాతి కనీలు నాలుగు తెచ్చి ఇంటి ముందు పాతి, వాటి మీద బండిని అలాగే ఎత్తి పెట్టాడు. చక్రాల మీద ఎంత ఎత్తు ఉండేదో అంతే. తర్వాత దానికి రెండు వైపులా మద్ది చెక్కలు అతికించి మంచె చేశాడు.

“గంతే ఎత్తు ఎందుకన్నట్టు?”

రాములు జవాబు చెప్పకముందే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. తండా నుంచి వచ్చిన టీక్యా దిగాడు. ఆటోను వెనక్కి నడిపించి మంచె అంచుకు ఆనించాడు. ఆటో అడుగు, మంచె ఒక్క మట్టాన కలిశాయి. కాలిపోయిన బోరు మోటారును టీక్యా ఇటు నుంచి నెడితే రాములు అటు నుంచి లాగాడు. అది దొర్లుకుంటూ మంచె మీదికి వచ్చేసింది. ఎవరూ వంగలేదు, ఎవరూ ఎత్తలేదు.

“రాములన్నా, నారు ఎండుతాంది. ఎల్లుండికి ఇయ్యకుంటే నేను నీ మంచె మీదనే పండుకుంట.”

“పండుకో. దోమలు నిన్ను జూసి పరేషాన్ అయితయి.”

ఆటో వెళ్లిపోయింది. యోహాను టేపు తీసి కొలిచాడు. ముప్పై మూడు ఇంచులు. అప్పటికి ఈ రోడ్డున ఆటోలు లేవు, ఎడ్లబండ్లే. బిడ్డ బరువు ఎత్తలేడు కాబట్టి బరువు తనంతట తాను బిడ్డ దగ్గరికి రావాలని మాత్రం ముత్తయ్యకు తెలుసు.

యోహాను మంచె ఎక్కాడు. వంగి చూస్తే గడప నుంచి పని చోటుకు, అక్కడి నుంచి రోడ్డు అంచుకు చెక్కల మీద ఒక దారి కనబడింది. అది రంద పట్టినట్టు నున్నగా, వేలు మందాన లోపలికి అరిగి ఉంది. యోహాను ముప్పై ఏళ్లుగా చెక్కతో బతుకుతున్నాడు. పాదాలకు అరిగిన గడపలు ఎన్నో చూశాడు. ఈ దారి పాదాలది కాదు. నడుమ ఒక వెడల్పాటి పల్లం, దానికి రెండు పక్కలా మూరెడుకొకటి చొప్పున అరచేతులంత గుంటలు. తన చెయ్యి ఒక గుంటలో పెట్టి చూశాడు. సరిగ్గా పట్టింది. తుమ్మ చెక్కకు ఉలి దించాలంటే తనకు ముచ్చెమటలు పోస్తాయి. అలాంటి చెక్కను ఒక మనిషి తోలు అరగదీసింది. అతను చెయ్యి తీయకుండా కాసేపు అలాగే ఉండిపోయాడు.

“ఏమన్న పోయిందా అన్నా?” అన్నాడు రాములు.

“లేదు తమ్మీ.”

రాములు తీగ చుట్టే యంత్రం హ్యాండిలు తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతూ పెదవులతో లెక్క పెడుతున్నాడు. ఎడమ చేత్తో తిప్పుతున్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది.

జమున చాయ్ తెచ్చి యోహాను ముందు పెట్టింది. “కుడి రెక్క సంగతి చెప్పిండా నీకు? చెప్పడు. హనుమకొండ దవాఖానల డాక్టరు ఏమన్నడో ఎరికేనా? భుజం లోపలి నరాలు చినిగినయట. ఇంక చేతుల మీద బరువు మోపి పోతే ఆరు నెలలల్ల చెయ్యి లేవది అన్నడు. చెయ్యి లేవకుంటే మోటారేంది, బతుకేంది? చక్రాల పలక మీద పొమ్మన్నడు.”

ఆ పలక గోడకు ఆనించి ఉంది. పీట లాంటి చెక్క, కింద నాలుగు చక్రాలు. కాలిన మోటార్లలోంచి తీసిన బేరింగులతో రాములే చేసుకున్నాడు.

“చేసుకున్నడు, మూలకు వెట్టిండు,” అంది జమున. “సందు సందుకు చక్రం ఇరుకుతది. ఇరికినప్పుడల్ల గుంజుకోవాలె. చేతుల మీద పోవుడే నయం అంటడు. గందుకే నున్నగ బండలు ఏద్దామన్న. దుకాణంల అడిగొచ్చిన గూడ.”

యోహాను రాములు వైపు తిరిగాడు. “ఎత్తు తగ్గియ్యొద్దు గద తమ్మీ?”

“తగ్గియ్యొద్దు,” అన్నాడు రాములు, వెంటనే నాలుక కరుచుకున్నాడు. “అగో, లెక్క పాయె.”

“నలభై ఒకటి,” అంది జమున, చాయ్ గిన్నె కడగడానికి లోపలికి పోతూ.

రాములు నలభై రెండు నుంచి తిప్పసాగాడు. యోహాను నోరు తెరిచి ఆమెనే చూశాడు.

“నువ్వు నాతోని మాట్లాడుకుంటనే ఉంటివి గద చెల్లె?”

“చుట్టు తిరిగినప్పుడల్ల టక్కుమంటది. పద్దెనిమిదేండ్ల సంది ఇంటున్న. కూర మాడుతది గని లెక్క తప్పది. నేనూ చుడుతా అంటే ముట్టనియ్యడు.”

“ఒక్క చుట్టు తప్పినా మోటారు కాలుతది,” అన్నాడు రాములు, తల ఎత్తకుండా. “రైతు నా మొకం జూసి ఇచ్చిపోతడు.”

“నీ మొకం జూసి ఎవ్వడిస్తడు! నీ చెయ్యి జూసి ఇస్తరు. ఆ చెయ్యే పోతాందని నేను చెప్పేది.”

హ్యాండిలు మళ్లీ టక్కుమంటూ తిరిగింది. యోహాను కొలతలు రాసుకుంటూ తిరిగాడు. పని చోటుకు కుడి పక్కన రెండు చెక్కలు పుచ్చిపోతే, అక్కడ కింద నుంచి ఇటుకలతో దిమ్మె కట్టి, పైన ఒక గ్రానైట్ ముక్క అతికించి ఉంది. జమున కూలికి పోయిన ఇంటి పనిలో మిగిలిన ముక్క అది. మేస్త్రీని అడిగి, నెత్తి మీద పెట్టుకుని మోసుకొచ్చి, తానే సిమెంటు కలిపి అతికించింది. నల్లగా మెరుస్తోంది. నిన్నటి వాన జల్లుకు ఇంకా తడి ఉంది. బండ కొత్తగానే ఉంది, కాని మీద మోటార్లు పెట్టిన మరక లేదు, మనిషి కూర్చున్న గుర్తు లేదు. రాములు దాని పక్క నుంచే, దాన్ని తగలకుండా తిరుగుతున్నాడు. దాని అంచున పాత రబ్బరు ముక్క ఒకటి పరిచి ఉంది.

“గీ బండ మీద కూసుంటలేవా తమ్మీ?”

రాములు హ్యాండిలు ఆపాడు. లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “కూసున్న. ఒక్కసారి.”

“కరెంటు కొట్టిందా?”

“బాగు చేసిన మోటారుకు కరెంటు ఇచ్చి చూస్త గద. ఎక్కడన్న లీకయితే చెక్క మీద జర చురుక్కుమంటది, గంతే. చెయ్యి తీసుకుంట. ఇరువై ఆరేండ్లు గట్లనే నడిచింది. గీ బండకు కింద ఇటుక, ఇటుక కింద పచ్చి నేల. ఆ దినం వాన. పట్టుకున్నది, ఇడువలే. టీక్యా ఉండె గనుక ఫ్యూజు గుంజిండు.”

“ఇంట్ల చెప్పలే?”

“నెత్తి మీద మోసుకొచ్చింది అన్నా.”

జమున తడి గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో ఇద్దరికీ తెలియదు.  ఆమె గిన్నె కింద పెట్టి, బండ దగ్గరికి వచ్చి, దాని మీది తడిని కొంగుతో తుడిచింది. తుడిచిన చోట మళ్లీ చెమ్మ పట్టింది. తర్వాత రబ్బరు ముక్కను బండ మొత్తం కప్పేలా జరిపింది.

“చెప్పు అన్నా,” అంది చివరికి, యోహానుతో. “బండలు వద్దు. ఏమేమి ఉన్నయో చెప్పు.”

యోహాను కాగితం చూడకుండానే చెప్పాడు. టేకు వేస్తే కూలీతో కలిపి డెబ్బై వేల దాకా అవుతుంది. ఇనుప రేకు వేస్తే నలభై వేలలో పని అయిపోతుంది కాని కరెంటుతో బతికే ఇంట్లో దాని మాట ఎత్తకూడదు. టౌన్లో ఇప్పుడు ప్లాస్టిక్ చెక్కలని అమ్ముతున్నారు, చెదలు పట్టవు, అయితే వార్నిష్ ఆరబెట్టే వేడికి, టంకం చుక్కలకు అవి కరిగిపోతాయి. భూపాలపల్లి వైపు సామిల్లులో తనకు తెలిసిన చోట ఆరిన నల్లమద్ది దొరుకుతుంది. దానితో నలభై అయిదు వేలు. అడుగున చెద మందు కొట్టి, ఏటేటా నూనె పట్టిస్తే పాతికేళ్లు ఉంటుంది.

“మద్దికి గూడ సందులు ఉంటయి గద?” అంది జమున. “చక్రం ఇరుకుతది. రెక్క సంగతి మళ్ల మొదటికే వస్తది.”

యోహాను మంచె నడుమ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇందాకటి నుంచి అతను చూస్తున్నది ఆ సందులనే. బండి చెక్కలు బండికి అడ్డంగా ఉంటాయి. వాటికి సరిగ్గా కలవాలని మద్ది చెక్కలనూ ముత్తయ్య అడ్డంగానే వేశాడు. గడప నుంచి రోడ్డు అంచుకు పోయేసరికి పలక చక్రాలు ఇరవై రెండు సందులు దాటాలి. ఇరవై ఆరేళ్లు ఈ మనిషి చెక్కల మీద అడ్డంగా ఈదాడు.

“చెక్కలను నిలువుగ ఏస్త,” అన్నాడు. అరిగిన దారి వెంట చెయ్యి చాపి చూపించాడు. “గడప కాడికెళ్లి అంచుదాక ఒకటే చెక్క. ఒకదాంట్ల ఒకటి కూసునేటట్టు గాడి కొడుత. నువ్వు పోయే దిక్కే చెక్క పోతది. చక్రానికి ఒక్క సందు గూడ అడ్డం రాదు. కింద దూలాలు రెండు ఎక్కువ వడుతయి, గంతే. చెక్క చెక్కనే, బండ లెక్క నడుస్తది.”

రాములు పలకను గోడ నుంచి తీయించి, ఒక చెక్క వెంట నిలువుగా పెట్టి వేలితో నెట్టాడు. అది చప్పుడు లేకుండా చెక్క చివరి దాకా పోయి ఆగింది. ఆ తర్వాత సందు.

“మా బాపుకు గిది తోచలే,” అన్నాడు.

“నీ బాపు కాలంల నీకు చక్రాలు లేకుండె తమ్మీ. చేతులకు సందే నయం, పట్టు దొరుకుతది. ఆయనకు తోచింది ఆయన సరిగ్గనే చేసిండు.” యోహాను టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. అయినా కళ్లు ఆ గుంటల మీదికే పోతున్నాయి. “గీ బండి చెక్కలు ఇప్పుడు తీస్తే ఇరుగుతయి గావచ్చు. ఏం జెయ్యమంటవు?”

రాములు ఎడమ అరచెయ్యిని పక్కనున్న గుంటలో ఒకసారి పెట్టి తీశాడు. కుడి చెయ్యి ఎత్తి హ్యాండిలు పట్టుకోబోయాడు. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. దించేసి ఎడమ చేత్తో తిప్పాడు. మూడు చుట్లు తిప్పి ఆగాడు.

“ఎంతల ఉన్న?”

“డెబ్బై ఆరు,” అంది జమున.

రాములు హ్యాండిలు వదిలేశాడు.

“వెడల్పు ఎనిమిది ఫీట్లు కాదు యోహానన్నా. పది వెట్టు. జమున గూడ కూసుంటది. టీక్యా మోటారు ఆమెనే చుడుతది.”