గొర్రెలు ఒప్పుకోని చోటు

ఏ సంగతైనా ఆ ముసలి కాపరి తన మాటగా చెప్పేవాడు కాదు, గొర్రెల మీద పెట్టి చెప్పేవాడు. తొంభైల చివర్లో కదిరి పక్క పల్లెకు ఒకే ఒక చెక్‌డ్యాం మంజూరైంది. చిన్న ఇంజనీరునైన నేను మ్యాపు చూసి, వాన నీళ్లు పారే వంకలో కట్ట వచ్చే చోటికి గుర్తుగా ఎర్ర రంగు పూసిన గూటాలు నాటాను. కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్న ఆ గొర్రెల కాపరి, "ఈడ నీళ్లు నిలబడవు సార్. మా గొర్రెలు ఒప్పుకోవు," అన్నాడు.

"మరి యాడ ఒప్పుకుంటాయి?" అని వెక్కిరించాను.

"ఆ కింద వంపులో. ఎండాకాలం మధ్యాన్నమైతే ఆడికే పోయి పండుకుంటాయి. ఇసక కింద చెమ్మ ఉండాది."

నవ్వి ఊరుకున్నాను. మర్నాడు చూస్తే గూటాలన్నీ ఆ వంపులో ఉన్నాయి. పీకి మళ్లీ నా చోటనే నాటాను. మూడో రోజూ అంతే.

"నీ పనేనా తాతా?" అని గద్దించాను.

"నాకేం పని సార్? గొర్రెలు ఒళ్లు రుద్దుకున్నట్టుండాయి."

"రుద్దుకుంటే పడిపోతాయి గానీ, వరసగా నాటుకుంటాయా?"

"మావి పని నేర్చిన గొర్రెలు సార్."

అంతలో మా పెద్ద ఇంజనీరు జీపు దిగాడు. వంపులో ఉన్న గూటాల దగ్గర గుంత తవ్వించాడు. మోచేతి లోతులోనే తడి ఇసుక తగిలింది. "భలే చోటు! ఎవరు ఎంచారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే కాపరి అందుకున్నాడు. "ఈ సారే. మూడు దినాలు గూటాలు ఆడికీ ఈడికీ మార్చి మార్చి తేల్చినాడు."

కాపరి వేళ్లకు గూటాల ఎర్ర రంగు అంటుకునే ఉంది. గొర్రెలు ఏమన్నాయో గానీ, నేను మాత్రం తలూపాను.