ప్రాస కోసం పోగొట్టుకున్న స్థానికత

తెలివి తక్కువైనవాడితో ఇంటికి పెద్ద ప్రమాదం లేదు. తెలివి ఎక్కువైందని నమ్మేవాడితోనే అసలు ప్రమాదం. ఆరేళ్ల కిందట మా ఇంట్లో ఆ రెండో రకం మనిషిని నేను. కన్నకూతురి కాలేజీ సీటుకు నా చేతులతో, నా ప్రింటరుతో, రంగుల్లో ఎలా ఎసరు పెట్టానో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

మిషిగన్‌లోని ట్రాయ్‌లో పద్దెనిమిదేళ్లు ఉన్నాక నా ఉద్యోగం మారి వర్జీనియాలోని షాంటిలీకి వచ్చాం. మా శ్రీజ ఇక్కడే చివరి రెండేళ్ల హైస్కూలు చదివి, ఈ రాష్ట్ర యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటు కొట్టింది. ఆ రోజు మా ఆఫీసు సెక్యూరిటీ గార్డుకు కూడా బలవంతంగా మైసూర్‌పాక్ తినిపించాను.

సీటు వెనకాలే ఒక ఫారం వచ్చింది. ఈ రాష్ట్రంవాళ్లకు ఒక ఫీజు, బయటివాళ్లకు దానికి రెండింతల పైమాట. ఈ రాష్ట్రంవాళ్లం అనిపించుకోవాలంటే క్లాసులు మొదలయ్యే నాటికి కనీసం ఏడాదిగా ఇక్కడ కాపురం ఉండాలి. పైగా ఇక్కడే స్థిరపడే ఉద్దేశం కూడా ఉండాలి. నేను మొదటి ముక్క చదివి, రెండోది చదివాననుకున్నాను.

“డాడీ, నాలుగే అడిగారు. లైసెన్స్, కార్ రిజిస్ట్రేషన్, స్టేట్ ట్యాక్స్, ఇంటి పేపర్స్. నేను అప్‌లోడ్ చేసేస్తా,” అంది శ్రీజ.

“నీకు తెలీదు బంగారం. లోకల్, నాన్‌లోకల్ గొడవల్లో పెరిగినవాణ్ని నేను. నా సీటు కోసం ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరిగా. వాళ్లు నాలుగడిగితే మనం నలభై ఇవ్వాలి.”

“వై?”

“ఐదోది అడక్కుండా!”

ఇక చూడండి నా ప్రతాపం. కరెంటు బిల్లులు, నీళ్ల బిల్లులు, పళ్ల డాక్టరు రసీదులు, ఇండియన్ స్టోరు రసీదులు అన్నీ చేర్చాను. ప్రతి శనివారం ఒకే కొట్లో దొండకాయలు కొనేవాడు ఊరు విడిచి పారిపోతాడా అని నా తర్కం.

“ఏమండీ, ఇది ఫైలా, పెళ్లి ఆల్బమా?” అంది మా ఆవిడ పద్మ.

మిషిగన్ ఎప్పుడు వదిలామో చెప్పడానికి ఒక ఆధారం ఉంటే బాగుండుననిపించింది. ట్రాయ్‌లో తెలుగువాళ్లు వేసుకునే సంచికలో నేను రాసిన వీడ్కోలు వ్యాసం గుర్తొచ్చింది. దాని మీద తేదీ ఉంది, నా ఫొటో ఉంది. ఆ ఫొటోలో నాకు జుట్టు కూడా ఉంది! ఒక రోజంతా కూర్చుని దాన్ని పొల్లు పోకుండా ఇంగ్లీషులోకి మార్చి, నోటరీ ముద్ర వేయించి మరీ జతచేశాను. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. మా అప్లికేషన్‌లో శని ఆ వ్యాసం చివరి వాక్యంలో కూర్చుంది:

“షాంటిలీ మాకొక మజిలీ! రెండేళ్లలో వస్తాం ట్రాయ్‌కే మరలి!”

మూడు వారాలకు జవాబొచ్చింది. పద్మ పైకి చదివింది. “మీరు స్వయంగా ఇచ్చిన ప్రకటన ప్రకారం, మీ కుటుంబానికి ఈ రాష్ట్రంలో స్థిరపడే ఉద్దేశం లేదు.” కాగితం మడిచి నా వైపు చూసింది. “ఊళ్లోంచి మిమ్మల్ని మీరే వెలేసుకున్నారు. నోటరీతో సహా.”

నాకు నవ్వు రాలేదు. బయటివాళ్ల ఫీజు మా తాహతుకు మించినది. అంటే సీటు వదులుకోవడమే. శ్రీజ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తిట్టినా బాగుండేది. గంట తర్వాత ల్యాప్‌టాప్‌తో బయటికొచ్చింది.

“అప్పీల్ ఉంది డాడీ. నేను మాట్లాడతా. నువ్వు వచ్చి కూర్చో. కానీ మాట్లాడొద్దు. ప్రామిస్?”

“ప్రామిస్.”

అప్పీలు విన్నది కళ్లద్దాల పెద్దావిడ. చేతిలో నా అనువాదమే ఉంది. “ఇది మీరే రాశారా?” అని ఇంగ్లీషులో అడిగింది.

పాతికేళ్లుగా రాస్తున్నాను. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. ప్రామిస్ గాల్లో కలిసింది.

“నేనే మేడమ్! తెలుగులో ఇంకా బాగుంటుంది. ప్రాస కుదిరింది.”

శ్రీజ కాలు నా బూటును తొక్కింది.

“మీరన్న రెండేళ్లు ఈ వేసవితో అయిపోతాయి. సామాన్లు సర్దుతున్నారా?”

“లేదు మేడమ్, అది కవిత్వం!”

“మా ఫారంలో కవిత్వానికి గడి లేదండీ.”

అప్పుడు శ్రీజ లేచింది. “మేడమ్, రెండేళ్లలో తిరిగొస్తానని మా నాన్న హైదరాబాద్‌లో కూడా చెప్పారు. అప్పటికి నేను పుట్టలేదు. ఆయన రెండేళ్లు అన్నారంటే ఇక అక్కడే ఉంటారని మా ఇంట్లో అందరికీ తెలుసు.”

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. శ్రీజ ఆ నాలుగు కాగితాలూ వరసగా పెట్టింది. అమ్మ ఇక్కడి స్కూల్లో పనిచేస్తోందని చెప్పింది. తర్వాత ఐదో కాగితం తీసింది. శనివారాలు లైబ్రరీలో తను లెక్కలు చెప్పే పదకొండుమంది పిల్లల పేర్లు.

“సెలవుల్లో వచ్చి మళ్లీ చెబుతానని వీళ్లకు మాటిచ్చాను. నేను ఎక్కడికీ వెళ్లడం లేదు.”

నేను దొండకాయల రసీదులు ఏరుకుంటున్న శనివారాల్లో నా కూతురు ఈ ఊళ్లో వేళ్లూనుకుంది. నాకు ఆ సంగతి అక్కడే తెలిసింది. ‘ళ’ పలకలేక నన్ను నవ్వించే పిల్ల ముందు నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. గర్వంతో చొక్కా బొత్తాలు తెగిపోతాయేమోనని భయమేసింది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. మేం ఈ రాష్ట్రంవాళ్లమేనట! ఆ వారం నాకు ఫోన్ చేసిన టెలిమార్కెటర్లకు కూడా మా అమ్మాయి వాదన మొదటి నుంచి చివరి దాకా వినిపించాను. పాపం, వాళ్లే పెట్టేశారు.

ఉత్తరం వచ్చిన సాయంత్రమే దేవుడి పటం ముందు నిలబడి శపథం చేశాను: “ఇక మీదట ఏ కార్యాలయమైనా అడిగిన కాగితం తప్ప, అడగని కాగితం ఒక్కటి కూడా ఇవ్వను. ఇది నా మనఃపూర్వక ప్రతిజ్ఞ.” అంతటితో ఆగితే నేనెందుకవుతాను? దాన్ని చక్కగా టైపు చేసి, సంతకం పెట్టి, నోటరీ ముద్ర వేయించి యూనివర్సిటీకి పంపించాను.