అంగిలి మీద కాయ

మా అప్ప పోయింది. మా వైపు అక్కని అప్ప అంటాం. నా కూతురు నల్లగౌనులో పట్టా పుచ్చుకుని వేదిక దిగుతుంటే నేను ఒళ్ళు మరిచి చప్పట్లు కొడుతున్నాను. అప్పుడే జేబులో ఫోను కదిలింది. అరకు నుంచి మా పక్కింటి కోడలు. "బాబాయ్, బేగి వొచ్చీయండి. పెద్దమ్మ ఎల్లిపోనాది" అంది. చుట్టూ అందరూ ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. నా చేతులు కూడా, తెలియకుండానే, ఇంకో రెండుసార్లు కొట్టాయి.

ఏడో తరగతితో బడి మానేసి కాఫీతోటల్లో మేస్త్రీగా తిరిగినవాణ్ణి. నా కూతురు పళ్ళ డాక్టరైంది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, ఇంకోసారి రాయాలనిపిస్తుంది: నా కూతురు డాక్టరైంది! కానీ ఇలాంటి సంతోషమే ఒకసారి నా కళ్ళు కప్పేసింది. ఆ సంగతి చెప్పకుండా అప్పని తలుచుకోవడం నాకు చేతకాదు.

అప్ప అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చుట్ట వెలిగించి, మండే కొసని నోటి లోపలికి పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం. శ్రీకాకుళం నుంచి మా కొండల దాకా పెద్దవయసు ఆడవాళ్ళలో చాలామందికి ఈ అలవాటుంది. కాఫీపళ్ళు కోసేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి, చుట్ట నోట్లో ఉంటుంది. వాన ఆర్పదు, గాలి లాక్కోదు, ఎండుటాకుల మీద నిప్పురవ్వ పడదు. అప్పకి పొగ ముక్కులోంచి వస్తూనే ఉండేది, కూలీల మీద తిట్లు పెదాల సందులోంచి వస్తూనే ఉండేవి. "ఒరే, నిప్పుని బయటెట్టుకుంటే గాలి తినేత్తాది, లోపలెట్టుకుంటే మనమే తింతాం" అనేది.

మా ఆవిడ పోయాక నా కూతుర్ని పెంచింది అప్పే. పిల్లకి జడ వేసేటప్పుడు మాత్రం చుట్ట తీసి పక్కన రాయి మీద పెట్టేది, పొగ పిల్లకి పడదని. పిల్లకి పడనిది తన నోటికి మాత్రం ఎలా పడుతుందని తను ఎప్పుడూ అనుకోలేదు. మేమూ అనుకోలేదు.

ఆడపిల్లని మేం గుంట అంటాం. మా గుంట డెంటల్ కాలేజీలో చేరిన మొదటి ఏడు సెలవులకి వచ్చింది. సంచిలో లావుపాటి పుస్తకం, చిన్న అద్దం, టార్చిలైటు. ఒక్క నోటి గురించే అంత పుస్తకం! గుమ్మం ముందు ఎండలో పీట వేసి అప్పని కూర్చోబెట్టింది.

"అత్తా, నోరు తెరువు."

"ఏటే, సంతలో గేదెని సూసినట్టు సూత్తన్నావు?" అంది అప్ప.

"గేదెకి పైన ముందుపళ్ళు ఉండవత్తా. నీకున్నాయి."

"అయితే నాకే ఎక్కువ దర పలుకుద్ది" అని నోరు తెరిచింది.

గుంట ఒక్కొక్కటీ నాకు చూపించింది. నాలుక మీద గరుకంతా సన్నటి మొనలట. వెనకాల వరసగా పెద్ద పెద్ద గుబ్బలున్నాయి. బుగ్గ లోపల, పై దవడపంటికి ఎదురుగా, చిన్న బొడిపె ఉంది. "నాన్నా, దీన్నే చూస్తూ ఉండు" అని అప్ప నాలుక మీద చింతపండు పెట్టింది. ఆ బొడిపెలోంచి నీరు ఊరి జారింది. "ఓలమ్మా, కొండూట!" అని అరిచాను. చెవి ముందున్న గ్రంథి నుంచి వచ్చే సన్నటి గొట్టం అక్కడ తెరుచుకుంటుందట. ఇన్నేళ్ళూ ఈ నోటితో తిన్నాను, తిట్టాను, దాంట్లో ఇంత సంగతుందని తెలియదు. నా కూతురేమో పుస్తకం చూడకుండా చెబుతోంది!

తర్వాత లైటు పైకి తిప్పింది. అంగిలి ముందు భాగంలో మడతలున్నాయి. వేలిముద్రల్లాగే అవి కూడా ఒకరికున్నట్టు ఇంకొకరికి ఉండవట. వాటి వెనకంతా తెల్లగా, ఎండిన మడిలా బీటలు వారి ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. గుంట గొంతు మారిపోయింది.

"నాన్నా, ఇక్కడంతా గులాబీ రంగులో ఉండాలి. అత్తని ఒకసారి మా కాలేజీకి తీసుకెళ్దాం. మా మేడం చూస్తారు."

"కాయ కాసిందమ్మా" అన్నాను. "నా అరసెయ్యి సూడు, కత్తి పట్టి పట్టి ఎలగుందో. నిప్పు తగిలి తగిలి అంగిలికీ అలాగే కాసింది. మాయమ్మకీ ఇలాగే ఉండీది."

గుంట పుస్తకం తిరగేసింది. చదివి, కొంచెం తడబడి, "నువ్వన్నదీ ఉంది నాన్నా. అరచేతిలో కాయా, అంగిలి మీద గట్టిపొరా ఒకటే పదార్థం. కెరటిన్ అంటారు. రాపిడికీ వేడికీ మందమవుతుంది. కానీ..." అంది.

ఆ "కానీ" నేను విననే లేదు. ఏడో తరగతివాడి మాట, నా కూతురి ఇంగ్లీషు పుస్తకంలో! లేచి అప్ప భుజాలు పట్టుకుని ఊపేశాను. "ఇన్నావా అప్పా! నానన్నదే పుస్తకంలో ఉందంట!" దారిన పోయేవాళ్ళని కూడా ఆపి చెప్పాను. అప్ప నాకన్నా మురిసింది. ఆ తర్వాత సంతలో చుట్టలు బేరమాడుతూ తోటి ఆడవాళ్ళతో అంది: "మా గుంట పుస్తకంలో రాసుందంట, నా అంగిలికి కాయ కాసిందంట. ఇంక నిప్పు నన్నేటి సేత్తాది!" వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

అత్తని ఎప్పుడు తీసుకొస్తావని గుంట ఫోనులో రెండుసార్లు అడిగింది. కాఫీకోత అవనీ అన్నాను. కోత అయ్యాక మిరియాలు అన్నాను. మూడోసారి అడగలేదు. మొదటి ఏడు చదివే పిల్ల. తండ్రి అంత సంబరపడుతుంటే ఎలా కాదంటుంది?

గుంట ఆఖరి ఏడులో ఉండగా, అంబలి తాగుతుంటే మంటగా ఉందని అప్ప అంది. ఆ తెలుపు మధ్య పుండు లేచింది, అంచులు గట్టిగా ఉన్నాయి. ఈసారి ఎవరూ కోత మాట ఎత్తలేదు. గుంట కాలేజీలోనే చిన్న ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సరన్నారు. అంగిలి ఒక పక్క తీసేశారు. నోటికీ ముక్కుకీ మధ్య గోడ అదేనని నాకప్పుడు తెలిసింది. అంబలి ముక్కులోంచి వచ్చేసేది, మాట గాలిలా పోయేది. ఆ కన్నానికి సరిపడా పెద్ద డాక్టర్లు ఒక పలక చేసి పెట్టారు. అది పెట్టుకుంటే అప్ప తిట్లు మళ్ళీ తిట్లయ్యేవి. ఏడాది పైన బతికింది. ఆ తర్వాత మెడలో గడ్డలు లేచాయి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అప్పా, ఆ రోజు నాను కాయ అనకపోతే నువ్వు ఎల్దువా?"

పలక సర్దుకుంది. "ఎల్దును రా. గుంట మొకం సిన్నబుచ్చుకుని అడిగింది కదా. ఎల్దును" అంది. మళ్ళీ తనే, "నువ్వలా గెంతులేత్తంటే సూడ్డానికి బాగుండీది. అదీ నిజవే" అంది.

నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పలేదు. అందుకే ఆ రెండో మాటని కూడా నమ్ముతాను.

పట్టా పండగకి నేను రానని కూర్చుంటే తనే గెంటింది. "పోరా, పో. నాను ఎప్పుడైనా సత్తాను. గుంట ఆ గౌను మళ్ళీ ఏత్తాదేటి?" తన నోట నేను విన్న ఆఖరి మాట అదే.

పోయిన నెల సర్టిఫికెట్ల పని మీద గుంటతో కాలేజీకి వెళ్ళాను. "నాన్నా, అత్తది చూస్తావా?" అంది. పరీక్షకి తీసిన ముక్కని ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద దాచారట. మేడంని అడిగి తెచ్చింది. ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపులో చూశాను.

పైన గులాబీ రంగు మందపాటి పొర. నేనన్న కాయ నిజంగానే ఉంది. దాని కింద ఊదారంగు కణాలు కొండవాలు మీద మెట్టుమడుల్లా వరసగా ఉండాలని గుంట చెప్పింది. ఆ చోట వరసలు లేవు. చరియ విరిగినట్టు చిన్నవీ పెద్దవీ కలిసిపోయి, అడుగున గట్టు తెంపుకుని కిందికి దిగిపోయాయి.

"పైపొర చూసి లోపలి సంగతి చెప్పలేం నాన్నా. ఆ 'కానీ' తర్వాత పుస్తకంలో ఉన్నది అదే" అంది గుంట. నన్ను తప్పు పట్టినట్టు లేదు. "నేను మూడోసారి అడగాల్సింది" అంది.

"నువ్వు రెండుసార్లు అడిగావమ్మా" అన్నాను. మళ్ళీ మైక్రోస్కోపుకి కన్ను ఆనించి అడిగాను. "ఇందులో బాగున్న సోటేటైనా ఉందా?"

"అంచున కొంచెం ఉంది" అని మర తిప్పింది. గాజుపలక కదిలింది. చెదిరినవన్నీ మెల్లగా పక్కకి జరిగిపోయాయి. పైన అదే మందపాటి పొర, దాని కింద వరస మీద వరస, అడుగున తెగని గట్టు. గుంట మొదటిసారి అడిగిన నాటికి అప్ప అంగిలంతా ఇలాగే ఉండి ఉంటుంది.

ఇంక తిప్పొద్దన్నాను. కన్ను తియ్యకుండా ఆ వరసలనే చూస్తూ నిలబడ్డాను.