బావ షట్టరు, నా సమాధానం

మా బావ, అంటే అక్క మొగుడు, కాలువ మీద లస్కరు. తూము షట్టరును గీసిన గుర్తుకు ఎత్తడం, దించడం ఆయన పని. ఇక్కడ షట్టరు చక్రం ఒక చుట్టు తిప్పితే ఆ తేడా సముద్రం దాపునున్న చివరి పొలాలకు తెలియడానికి పూటంతా పడుతుంది. "నీళ్లు దారిలో ఉండంగా మళ్లా తిప్పేవాడు లస్కరే కాదబ్బయ్యా" అని నాకు చెప్పింది ఆయనే. ఆ ఊరి బడిలో పాఠాలు చెబుతూ నేను వాళ్లింట్లోనే ఉండేవాణ్ని.

అరవైల మొదట్లో ఒక వానాకాలం ఆయన షట్టరు దించడం మరిచాడు. కట్ట తెగి నారుమళ్లు కొట్టుకుపోయాయి. వరద తీసింది గాని ఆయన భయం తీయలేదు. అన్నం ముందు నుంచి లేచి తూము దగ్గరికి పోయేవాడు. పోయి చూసి ఊరుకోడు, ఎందుకైనా మంచిదని అరచుట్టు దించేవాడు. నీళ్లు రాలేదని చివరి రైతులు వచ్చి పడితే రెండు చుట్లు ఎత్తేవాడు. ఆ నీళ్లు అందేలోగా మళ్లీ గుండెదడ, మళ్లీ దించడం. ఇంకొక్క ఫిర్యాదు వస్తే తూము తాళంచెవి తీసుకుంటానని సూపర్వైజరు చెప్పేశాడు. అది పోతే మనిషి దక్కడని అక్క భయం.

అక్క తాయెత్తు కట్టించింది. నాకు ఒళ్లు మండింది. మంత్రాలకు వ్యతిరేకంగా సభల్లో గొంతు చించుకునే నేనుండే ఇంట్లో తాయెత్తు!

"నీ ఉపన్యాసం కన్నా ఇదే నయంరా, అరవదు" అంది అక్క.

నా వైద్యం తర్కం. బావ "గుర్తుకు దించినానా?" అంటే "దించినావు, నేను చూసినా" అని నిరూపించేవాణ్ని. ముఖం తేటపడేది. గంటకు మళ్లీ అదే ప్రశ్న. పోను పోను అరగంటకే.

నెల్లూరు గ్రంథాలయంలో యంత్రాల నియంత్రణ మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. యంత్రం తన తప్పును కొలిచి దిద్దుకుంటుందట. దిద్దిన ఫలితం కనపడకముందే మళ్లీ దిద్దితే ఊగిసలాట పెరుగుతుందట. నాకు అందులో బావ కనిపించాడు. భయం దిగడానికీ కొంత సేపు కావాలి. అది తనంతట తాను దిగేలోపే నేను జవాబు చెప్పి అణిచేస్తున్నాను. దిగుతుందన్న సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియనివ్వడం లేదు. అక్క తాయెత్తూ నా తర్కమూ చేసేది ఒకే పని! ఇది ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

బావ మాట బావకే అప్పజెప్పాను. "నీళ్లు దారిలో ఉండాయి బావా, తిప్పబాక." అడిగినా ఎవరమూ జవాబివ్వకూడదని ముగ్గురం అనుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని అడిగాడు. "గుర్తుకు దించినానా?"

నేను పలకలేదు.

"ఏంది అబ్బయ్యా, నోరు పడిపోయిందా?"

అక్క కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. బావ చొక్కా తడిసిపోయింది. అరుగు అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. నీడ మెట్టు దాకా వచ్చేసరికి ఆ వేళ్లు వదులయ్యాయి.

"మ్మే, మజ్జిగుంటే ఇయ్యి" అని అక్కను కేకేశాడు.

లేవలేదు, పోలేదు. నా సంతోషం పట్టలేకపోయాను. వాదించి గెలవడం మరిగిన నోరు నాది.

"చూసినావా బావా! షట్టరు గుర్తు మీదే ఉంది. పొద్దున నేను పోయి చూసొచ్చినా గదా!"

గ్లాసు నోటి దగ్గర ఆగింది. "పోయి చూసినావా? అంటే నీకూ అనుమానం వచ్చిందన్నమాట."

చెప్పులైనా వేసుకోకుండా, తాళంచెవి తీసుకుని కాలువ వైపు నడిచాడు.

మళ్లీ అరచుట్టు దించాడు. ఆ సంగతి మర్నాటికి చివరి పొలాలకు చేరింది. రైతులు ఈసారి నేరుగా సూపర్వైజరు దగ్గరికే పోయారు. తాళంచెవి ఆ రోజే తీసుకున్నారు. గ్లాసెడు మజ్జిగ తాగేంతసేపు నా నోరు ఊరుకోలేకపోయింది.