ఆ పిల్ల సంగటి అడగలేదు

“నేను అడిగినానా, పెద్దమ్మా?”

“ఎండన పడి వచ్చినావు. నీళ్లు తాగిపో, అమ్మీ.”

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఆ పిల్ల నీళ్లు తాగలేదు. నేనిచ్చిన చీర అరుగు మీద పెట్టి మైదుకూరు బస్టాండు వైపు వెళ్లిపోయింది.

వాళ్ల నాన్న నేపాల్ నుంచి వచ్చి కడపలో గూర్ఖాగా కుదిరాడు. చిన్నప్పుడే వచ్చిన పిల్ల కాబట్టి మాట అచ్చం మా మాటే. సోషల్ వర్క్ చదువుతోంది. చదువులో భాగంగా కాలేజీ వాళ్లు మా వీధికి పంపారు. నా భర్త పోయాక మరణ పత్రంలో పేరు తప్పు పడి నాకు పింఛను ఆగిపోయింది. మూడు నెలలు ఆ పిల్లే నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. మా ఇంట్లో మాత్రం గుక్కెడు నీళ్లు కూడా ముట్టేది కాదు.

పింఛను మంజూరైన రోజు సంగటి కెలికి, నంజుకోడానికి చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి నూరి పళ్లెం ముందు పెట్టాను.

“వద్దు పెద్దమ్మా. ఎవరి పని చేస్తామో వాళ్లింట్లో తినగూడదు, ఏమీ తీసుకోగూడదు. మా చదువుకు అది కట్టుబాటు.”

“అదేం చదువు మే, ముద్ద తింటే చెడిపోయేది? మొగుడు సచ్చినదాని చెయ్యని చీదరా? మీ అమ్మ ఇదేనా నేర్పిచ్చింది?”

తల్లి మాట ఎత్తేసరికి ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

“పెద్దోళ్లు పెట్టిన పళ్లెం తోసేస్తే మా అమ్మ వారం మాట్లాడదు. తింటే కాలేజీలో తప్పంటారు. నేనేం చేసేది, చెప్పు?”

“తినేది.”

నవ్వేసి కూర్చుంది. రెండో ముద్ద కూడా వేశాను. పోయేటప్పుడు, నేనిక కట్టుకోని పచ్చ చీర బలవంతాన సంచిలో కుక్కాను.

మరుసటి వారం వాళ్ల మేడం పుస్తకం పట్టుకుని వచ్చింది, పిల్ల ఎలా పనిచేసిందని అడగడానికి. మెచ్చుకుందామనే నోరు తెరిచాను.

“బంగారట్ల పిల్ల, మేడం. మా ఇంట్లో సంగటి తినింది, చీర పెట్టినా. నా కూతురు మాదిరే.”

మేడం రాయడం ఆపింది. “నువ్వు పెట్టినావా, తనే అడిగిందా?”

పెట్టిందాన్ని లంచం అంటారేమో, పింఛను తీసేస్తారేమో అనుకున్నాను.

“ఆకలి అనింది, మేడం. చీర గూడా తనే అడిగింది.”

అంత మాట అన్నాను.

సోమవారం కాలేజీలో విచారణ. అడిగి తీసుకుందని తేలితే చదువు అక్కడితో సరి. చీర తిరిగివ్వడానికి వచ్చిన రోజు ఆ పిల్లే చెప్పింది. తిన్నానని ఒప్పుకుందట. నేను బలవంతం చేశానని మాత్రం అనలేదట. మా ఇంట్లో మాట బయట పెట్టకూడదట, అదింకో కట్టుబాటు. అంతా విని కూడా నేను అబద్ధమాడానని ఆమెతో అనలేకపోయాను. నీళ్లు తాగమన్నాను.

సోమవారం నేనే పోతాను. అందుకే నా చెల్లెలి కూతురి చేత ఇదంతా రాయిస్తున్నాను.

“అమ్మీ, ఆకలి అనిందని నేను చెప్పిన అబద్ధం గూడా రాసినావా? నా మీద జాలితో యాడన్నా మెత్తగా మార్చింటే కొట్టెయ్. మేడం ముందర నా నోరు మళ్లా తప్పుతాదేమో. మొదటి నుంచి ఒకసారి చదువు, వింటా.”