గడియారం కింద బజ్జీ

పిల్లలకు నిజాయితీ నేర్పబోయి, అది వాళ్లకు పూర్తిగా వచ్చేయడం వల్ల పరువు పోగొట్టుకున్న ఉపాధ్యాయుణ్ణి మీరు ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇక వెతకనక్కర్లేదు. ఆ మహానుభావుణ్ణి నేనే. పోయిన పరువు మామూలుగా కూడా పోలేదు. పెనుకొండలో, హాలు నిండా జనం ముందు, గోడంత బొమ్మగా పోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట. నా కాపురం హిందూపురంలో, ఉద్యోగం ధర్మవరంలో ఒక హైస్కూల్లో. రోజూ పొద్దున ప్యాసింజర్ ఎక్కేవాణ్ణి. ఆ బండిలో సగం పెట్టె మా అయివార్లదే, అంటే పంతుళ్లదే. హిందూపురంలో కొందరు, పెనుకొండలో మరికొందరు ఎక్కి, ధర్మవరం చేరేదాకా దేశాన్ని బాగుచేసేవాళ్లం. బడికి ఆలస్యమైతే మా అందరిదీ ఒకే జవాబు: "బండి లేటు." అది అబద్ధమని మాకు తోచేదే కాదు. ఎవరైనా బాగున్నారా అంటే బాగున్నామని అనమూ, అలాంటిదే ఇది కూడా.

నిజానికి ఆ బండి, పాపం, చాలా రోజులు వేళకే వచ్చేది. లేటు చేసేది గంగమ్మవ్వ. ధర్మవరం ప్లాట్‌ఫారం మీద, పెద్ద గడియారం కింద ఆమె బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్మేది. బండి దిగగానే నూనెలో మిరపకాయ వేగే వాసన వచ్చి నా చొక్కా పట్టుకుని లాగేది. నేను చదువుకున్నవాణ్ణే, మంచీ చెడూ తెలిసినవాణ్ణే. అయినా వేడి బజ్జీ ముందు ఏ చదువు నిలబడుతుంది చెప్పండి.

మా హెడ్మాస్టరు గారు అమాయకులు. నా మాట నమ్మి రోజూ రైలునే తిట్టేవారు.

"ఏమబ్బా, ఈ పొద్దు కూడా లేటేనా?"

"అవును సార్. బండి లేటు."

"ఆ బండికి ఏం రోగమబ్బా? ఉండు, నేనే పోయి స్టేషన్ మాస్టర్‌ను అడుగుతా."

"వద్దు సార్. పాపం, ఆయన మంచోడు."

"మంచోడైతే బండి టయానికి తోలల్ల గదా. నువ్వు మెత్తనోడివి కాబట్టి ఊరుకుంటాండావు."

నేను మెత్తగా తల వంచుకుని, మూతికి అంటిన కారప్పొడి చేతిరుమాలుతో తుడుచుకునేవాణ్ణి.

ఇలా రోజులు హాయిగా సాగుతుండగా మా బడికి కంప్యూటర్లు వచ్చాయి. వాటికొక గది, గదికొక తాళం, తాళంచెవి హెడ్మాస్టరు గారి మొలతాడుకు. గదిలోకి చెప్పులు వేసుకుని పోకూడదు. కంప్యూటర్ల మీద కప్పిన గుడ్డ తియ్యకూడదు. పిల్లలు కిటికీలోంచి చూసి దండం పెట్టుకుని పోవడం ఒక్కటే మిగిలింది. హిందూపురంలో నేనొక కంప్యూటర్ కోర్సు చేశానని తెలిసి ఆ గదికి నన్ను ఇన్‌ఛార్జిని చేశారు. నా పనల్లా గుడ్డల మీద దుమ్ము దులపడం.

ఒక రోజు హెడ్మాస్టరు గారు చెమటలు కక్కుకుంటూ స్టాఫ్ రూముకు వచ్చారు. కంప్యూటర్లు వాడని బడుల నుంచి వాటిని తీసేసి వేరే బడులకు ఇస్తారట. పెనుకొండలో పిల్లల ప్రాజెక్టులు చూసి ఎవరికి ఉంచాలో ఒక అధికారిణి తేలుస్తారట.

"పట్టుకుపోతారంటబ్బా. మన పిల్లోళ్లు ఇంగా మూత గూడా తీసి చూడలేదే," అన్నారు. ఆయన గొంతులో ఏడుపు వినబడింది. కన్నబిడ్డల్లాంటి ఆ కంప్యూటర్లకు ఏమన్నా అవుతుందేమోనన్న భయంతోనే ఆయన వాటిని అట్లా దాచారు తప్ప పిసినారితనంతో కాదు.

"మీరేం దిగులుపడొద్దు సార్. నైతిక విద్య పీరియడ్‌నూ కంప్యూటర్‌నూ కలిపేద్దాం. ఊళ్లో నిజాయితీ గల మనుషుల ఫోటోలు తీసి, పిల్లలే స్లయిడ్లు చేసి, పిల్లలే మైకులో చెప్తారు. ఆ మేడమ్ లేచి నిలబడాల్సిందే," అన్నాను. అప్పటిదాకా నైతిక విద్య పీరియడ్‌లో మిగిలిపోయిన లెక్కలు చెప్పేవాళ్లమన్న సంగతి మనలో మనమాట.

తొమ్మిదో తరగతిలో నిలబడి నేను ఇచ్చిన ఉపన్యాసం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "మనకు ఇష్టమైన నిజం చూపించి, ఇష్టంలేని నిజం దాచేస్తే అది సగం అబద్ధం. ఫోటోలో ఏముంటే అది ఉండాలి. ఏ మూలా కత్తిరించకూడదు. మనవాళ్లు తప్పు చేసినా దాయకూడదు."

నాగమణి అని ఒక పిల్ల లేచింది. ఇంట్లో అమ్మా నాయనా ఇద్దరూ మగ్గం మీద చీరలు నేస్తారు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"మనకు బాగా కావాల్సినోళ్లయినా దాయగూడదా సార్?"

"అసలు పరీక్ష అక్కడే ఉంది నాగమణీ."

ఈ జవాబు నాకు ఎంత నచ్చిందంటే, మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరూ అడక్కపోయినా మళ్లీ చెప్పాను.

హెడ్మాస్టరు గారి అల్లుడి డిజిటల్ కెమెరా తెచ్చాం. పిల్లలు ఊరంతా తిరిగారు. చీరలో పోగు తప్పిన చోటును తానే వేలు పెట్టి కొనేవాళ్లకు చూపించే నేతమనిషిని పట్టుకొచ్చారు. మిగిలిన గుడ్డముక్కలన్నీ తిరిగిచ్చే దర్జీని పట్టుకొచ్చారు. రైల్లో జనం మరిచిపోయిన గొడుగులూ టిఫిన్ క్యారియర్లూ దాచిపెట్టి, అడిగిన వాళ్లకు అప్పగించే గంగమ్మవ్వను కూడా పట్టుకొస్తామన్నారు. "భేష్, ఆమెకు మించిన మనిషి దొరకదు," అన్నాను. చూశారా, నా గొయ్యికి నేనే కొలతలు ఇచ్చాను.

సాయంత్రాలు బడి వదిలాక పని మొదలుపెట్టేవాళ్లం. నా బండి కూత పెట్టి వెళ్లిపోయేది. పోతే పోనీలే అని, చీకటి పడ్డాక ఏదో ఒక బస్సు పట్టుకుని ఇల్లు చేరేవాణ్ణి. మౌస్ పట్టుకోవడానికి వణికిన చేతులే నాలుగు రోజుల్లో అక్షరాలను ఎగిరించి దూకించడం మొదలుపెట్టాయి. నాకు భలే గర్వంగా ఉండేది.

"అంతా అయినాక ఒగసారి చూడబ్బా. తప్పులుంటే దిద్దు," అన్నారు హెడ్మాస్టరు గారు.

"చూడను సార్. పెద్దవాళ్లు చెయ్యి పెడితే అది పిల్లల పని కాదు. తెర మీద చూసేదాకా నేను వాళ్ల స్లయిడ్ల వైపు తల తిప్పను."

ఈ మాటన్నప్పుడు నా కుడిచెయ్యి గుండె మీద ఉంది. పెనుకొండ వెళ్లే ముందు రోజు నాగమణి స్టాఫ్ రూము గడప దగ్గర నిలబడింది.

"సార్, ఒగ ఫోటో ఉండాది. పెట్టల్నో వద్దో తెలీలేదు. మీరు ఒగసారి చూడండి సార్."

"చూడనని చెప్పాను కదమ్మా. అందులో ఉన్నది నిజమేనా?"

"నిజమే సార్."

"అయితే పెట్టు."

"ఆ మనిషి బాధపడతారేమో సార్."

"బాధపడితే బుద్ధొస్తుంది. నువ్వు పెట్టు."

ఆ పిల్ల నన్ను అదోలా చూసి వెళ్లిపోయింది. ఆ చూపు జాలి అని నాకు మర్నాడు అర్థమైంది.

మర్నాడు హెడ్మాస్టరు గారూ పిల్లలూ ధర్మవరం నుంచి బస్సులో పెనుకొండకు బయల్దేరారు. నేను కొత్త చొక్కా వేసుకుని హిందూపురం నుంచి ప్యాసింజర్ ఎక్కాను. మధ్యలో ఒక చిన్న స్టేషన్లో బండి ఆగింది. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వాలన్నారు. అది పోయాక ఇంకొకటి రావాలన్నారు. వేరుశనగ చేలు చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ నేను వేసిన నింద ఊరికే ఎందుకు పోవాలనుకుందో ఏమో, బండి ఆ రోజు నిజంగానే లేటయింది.

పెనుకొండలో దిగి ఎండలో పరుగెత్తాను. హాలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. లోపల చీకటి. తలుపు తోశాను. వెలుగు పడి అందరూ నా వైపు తిరిగారు. నేను రొప్పుతూ, హాలంతా వినబడేలా అన్నాను.

"క్షమించాలి మేడమ్. బండి లేటు."

అంతే. హాలు పగలబడి నవ్వింది. ముందు బెంచీల్లో ఒకాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. నేనేమన్నానని ఇంత నవ్వు అనుకుంటూ తెర వైపు చూశాను.

తెర మీద గంగమ్మవ్వ గొడుగు పట్టుకుని నిలబడింది. ఆమె పక్కన, ఆమెకు రెండింతలుగా, నేను. నోట్లో సగం బజ్జీ. చేతిలో ఇంకొకటి. కళ్లు పరమానందంతో మూతలు పడ్డాయి. నా తల మీద, దేవుడి బొమ్మ వెనక వెలుగులాగా, రైల్వే గడియారం.

నేను రాకముందే ఒకసారి చదివిన మాటల్ని నాగమణి మైకులో మళ్లీ నెమ్మదిగా చదివింది: "ఆ పొద్దు మా సార్ బండి లేటని చెప్పినారు. గడియారం చూడండి. బండి టయానికే వచ్చింది. బజ్జీలు వేడిగా ఉండాయి."

అధికారిణి గారు నా వైపు తిరిగారు. "ఆ ఫోటోలో ఉన్నది మీరేనా?"

"నేనే మేడమ్."

"ఈ రోజు బజ్జీలు ఎలా ఉన్నాయి?"

"ఈ రోజు నిజంగానే బండి లేటు మేడమ్."

మళ్లీ నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది తమ బడి పిల్లలతో ముందే వచ్చిన నా ప్యాసింజర్ స్నేహితులే. కానీ వాళ్ల కళ్లు మాత్రం తమ మోచెయ్యి ఎక్కడైనా కనబడుతుందేమోనని ఫోటో మూలలన్నీ వెతుకుతున్నాయి. నవ్వనిది హెడ్మాస్టరు గారొక్కరే.

"స్టేషన్ మాస్టర్‌ను ఎన్ని తిట్లు తిట్టినానబ్బా," అని గొణుక్కున్నారు.

నా పరువు పోతే పోయింది. కంప్యూటర్లు కూడా పోయినట్టే అనుకున్నాను. అధికారిణి గారు నాగమణిని అడిగారు.

"మీ సార్‌కు ఇది ముందే చూపించావా?"

"చూడనన్నారు మేడమ్. నిజమైతే పెట్టమన్నారు."

"భయం వెయ్యలేదా?"

"వేసింది మేడమ్. తీసేద్దామనుకున్నాం. బాగా కావాల్సినోళ్లదైనా దాయగూడదని సారే చెప్పినారు. ఇంగొక స్లయిడ్ ఉండాది మేడమ్. అది గూడా చూడండి."

ఆ పిల్ల మౌస్ నొక్కింది. మా కంప్యూటర్ గది. కిటికీ బయట చీకటి. నేను ఒక పిల్లవాడి భుజం మీదుగా వంగి తెర చూపిస్తున్నాను. గడప బయట చిన్న చెప్పుల మధ్య నా పెద్ద చెప్పుల జత. నాగమణి చదివింది: "మా సార్ పొద్దున బజ్జీల కోసం లేటుగా వస్తారు. మాయిటాల బడి వదిలినాక మా కోసం ఆయన బండి వదులుకుంటారు. రెండూ నిజమే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. సిగ్గుకు వచ్చాయో సంతోషానికి వచ్చాయో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. అధికారిణి గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె లేచి నిలబడతారని నేను ముందే చెప్పాను కదా. హాలంతా లేచింది.

"ఈ కంప్యూటర్లు ధర్మవరంలోనే ఉంటాయి. వీటిని వాడటం ఈ పిల్లలకే తెలిసింది," అన్నారామె. మొదటి బహుమతి కూడా మాకే. పిల్లలు షీల్డును ఒకరి చేతుల్లోంచి ఇంకొకరు లాక్కుంటూ పెనుకొండ బస్టాండు దాకా ఊరేగించారు. వాళ్ల వెనకాల నేను కూడా పెళ్లికొడుకులాగా నడిచాను.

బడికి రాగానే హెడ్మాస్టరు గారు అటు తిరిగి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నాగమణి చేతిలో పెట్టారు. నాకివ్వలేదు, గమనించండి.

మర్నాడు బండి దిగి, ముక్కు మూసుకుని, తిన్నగా బడికి పోయాను. హెడ్మాస్టరు గారు ఉలిక్కిపడ్డారు.

"ఏమబ్బా, ఈ పొద్దు బండి ముందే వచ్చిందా?"

"లేదు సార్. ఎప్పుడూ వచ్చే టయానికే వచ్చింది."

ఆ రోజే, షీల్డు మీద చెయ్యి వేసి, తొమ్మిదో తరగతి సాక్షిగా ఒక ఘోర ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో గడియారం కింద నిలబడి బజ్జీ తినను. నేటి వరకూ దానికి భంగం రాలేదు. వారం తిరగకముందే గంగమ్మవ్వ తన పొయ్యినీ బాణలినీ ప్లాట్‌ఫారం ఆ చివరికి మార్చేసింది. ఎందుకవ్వా అని అడిగాను.

"నేనేం చేసేదప్పా. గడియారం కనపడని తావైతేనే తింటామని అయివార్లంతా ఒగటే పోరు పెడతాండారు," అంది.