సంచిలో మూడో పొట్లం

నేను మలాయ్ దేశపు ఎస్టేటులో పుట్టి పెరిగినదాన్ని. తెల్లారకముందే రబ్బరు చెట్ల పాలు గీయడానికి వెళ్లేవాళ్ల పిల్లని. ఆ చీకట్లో పాములకు భయపడ్డాను, అడవిపందులకు భయపడ్డాను గాని, దెయ్యాలకు ఎప్పుడూ భయపడలేదు. ఫలానా చెట్టు దగ్గర తెల్లచీర కనబడిందని ఎవరైనా చెబితే, ఎవరో ఆరేసి మరిచిపోయి ఉంటారనేదాన్ని. ఇప్పటికీ అలాగే అంటాను. ఈ ఒక్క సంగతి దగ్గరే నా నోరు పెగలదు.

చిన్నప్పుడు బడికి వెళ్లలేదు. ఈ వయసులో, ఇప్పుడు మేముండే బంటింగ్ ఊళ్లో ఆదివారం తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. "నువ్వే రాయాలి అక్కా" అని చెల్లి పోరుతోంది కాబట్టి రాస్తున్నాను.

ముందు మా అమ్మ అలవాటు ఒకటి చెప్పాలి. ప్రయాణమంటే మాకు తలా ఒక పులిహోర పొట్లం కట్టి, పైన ఇంకొకటి కట్టేది. అది దారిలో కలిసే మనిషికి. మా ఇళ్లలో పులిహోరలో ఎండు నెత్తళ్లు వేయించి కలుపుకుంటాం. ఆ పై పొట్లంలో మాత్రం అమ్మ చేప వేసేది కాదు. "ఎవులు తింతారో ఎవులు తినరో, మనకేటి తెలుసు" అనేది.

అరిటాకులో పెట్టి, అరటినారతో ముడి వేసేది. ఒక చెయ్యి రబ్బరు పాలతో జిగురుగా ఉన్నా, రెండో చేత్తో కొస లాగితే విడిపోయే ముడి. ఎంత చూపించినా ఆ ముడి నాకూ రాలేదు, మా చెల్లి పార్వతికీ రాలేదు.

పార్వతి పెళ్లి చేసుకోలేదు. అమ్మ మంచాన పడ్డాక అన్నీ తనే చూసింది. అమ్మ పోయాక తను మాట్లాడటం మానేసింది. అడిగితే తల ఊపడం, పెడితే రెండు ముద్దలు మింగడం. జాకెట్లు వదులైపోయాయి. తనను కూడా పోగొట్టుకుంటానేమోనని నాకు బెంగ పట్టుకుంది. అమ్మకు సింహాచలం చూడాలని ఉండేది, కుదరలేదు. అమ్మ బదులు మనం చూద్దామని చెప్పి, బలవంతంగా చెల్లిని బయల్దేరదీశాను.

బయల్దేరే శనివారం పొద్దున పులిహోర నేనే చేశాను, నెత్తళ్లు వేసి. రెండే పొట్లాలు కట్టాను. అంగడిలో కట్టినట్టు గోధుమరంగు కాగితంలో చుట్టి రబ్బరు బ్యాండు వేయడం నా పద్ధతి. చెల్లి గురించిన దిగులులో పడి, పై పొట్లం సంగతే మరిచిపోయాను.

ఎయిర్‌పోర్టులో సామాను చూసే మలాయ్ అమ్మాయి నా చేతిసంచి ఖాళీ చేయించింది. పొట్లాలు పక్కన పెట్టి, సంచి తిరగేసి దులిపింది. "రెండేనా మక్చిక్? మరి నాకు?" అని నవ్వింది. ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్లను అలాగే పిలుస్తారు. మళ్లీ సర్ది జిప్పు వేసుకున్నాక సంచి నా ఒళ్లోంచి కదల్లేదు.

మధ్యాహ్నం గాలివాన పట్టుకుంది. విశాఖపట్నం విమానం ఆలస్యమన్నారు, కాసేపటికి ఇంకా ఆలస్యమన్నారు. జనం నేలమీద కూడా కూర్చున్నారు. నేను చెల్లితో "సోటుంది, ఇక్కడ కూకో" అంటుంటే, పక్క కుర్చీలో మనిషి గిరుక్కున తిరిగాడు.

"మీదే ఊరండీ? అచ్చం మా నానమ్మ మాటే!"

"బంటింగ్" అన్నాను.

"అది ఏ మండలం?" అని, వెంటనే నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, ఇక్కడి బంటింగా!"

పేరు శ్రీనివాసరావు. శ్రీకాకుళం వైపు మనిషి, ఇక్కడ సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చెల్లి ఈడువాడే. భార్య పోయి చాలాకాలమైందట. తిండి కొట్ల ముందు వరస కదలడం లేదని, పొద్దుటినుంచి ఏమీ తినలేదని చెప్పాడు. నా పొట్లం విప్పి ఆయన ముందుకు జరిపాను.

"శనివారం నీచు ముట్టనక్కా, ఏమీ అనుకోకండి."

చెల్లి తలెత్తింది. "అయితే పస్తుండండి లా" అంది, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి.

అమ్మ పోయాక తన నోటినుంచి నేను విన్న మొదటి నిండు మాట అది. ఆయన బిత్తరపోయి, తర్వాత పక్క వరసవాళ్లు తిరిగి చూసేలా నవ్వాడు. చెల్లీ నవ్వింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కళ్లు తుడుచుకుందామని తువ్వాలు కోసం సంచిలో చెయ్యి పెట్టాను. చల్లగా, మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీశాను.

అరిటాకు పొట్లం. నారతో అమ్మ ముడి. ఆకు ఇంకా పచ్చగానే ఉంది.

"ఎప్పుడు కట్టినావే?" అంది చెల్లి.

"నాను కట్టలేదే."

తను నా ముఖం వైపే చూస్తూ పొట్లం అందుకుంది. ఆయన ముందు పెట్టి, నార కొస ఒంటి చేత్తో లాగింది. విడిపోయింది. లోపల పులిహోర. చేప ముక్క ఒక్కటీ లేదు.

ఆయనకు ఇవేమీ తెలియవు. ఆకలిమీద తింటూ, "ఆవ పెట్టారు కదండీ, మా ఇంట్లోలాగే" అన్నాడు. నేను పులిహోరలో ఆవపిండి వేయను. అమ్మ వేసేది. చెల్లి ఆ ఆకులోంచే ఒక ముద్ద తీసుకుని తింది. మరో ముద్ద తీసుకుంది. తర్వాత తన పొట్లం కూడా పూర్తిగా తినేసింది.

సింహాచలం ఆయనే దగ్గరుండి చూపించాడు. తిరిగి వచ్చాక ప్రతి ఆదివారం ఏదో ఒక వంక పెట్టుకుని బంటింగ్ వచ్చేవాడు. మరుసటి ఏడు వాళ్ల పెళ్లి గుడిలో జరిపించాను. "మొదటిరోజే నన్ను పస్తుండమంది" అని ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతాడు. చెల్లి ఒళ్లు చేసింది, జాకెట్లు మళ్లీ కుట్టించుకుంది. నా బెంగ తీరింది. రాత్రి హాయిగా నిద్రపోతున్నాను.

కానీ ఆ పొట్లం? చెల్లిని ఒట్టు పెట్టి అడిగాను, తను కాదంది. మేముండేది ఫ్లాటులో, మాకు అరటి చెట్టు లేదు. దుఃఖంలో నేనే కట్టి మరిచిపోయానేమో అనుకుందామంటే, నాకు ఆ ముడి రాదు. పైగా ఆ మలాయ్ అమ్మాయి సంచి దులిపినప్పుడు అందులో రెండే ఉన్నాయి.

నార దాచుకున్నాను. ఎండిపోయింది. అప్పుడప్పుడు తీసి ముడి వేయబోతాను, రాదు. ఆ రోజు విప్పకుండా ఉంచుకుని ఉంటే, చూసి నేర్చుకునేదాన్నేమో. అయితే ఆ మనిషి పస్తుండేవాడు.